కంటికి కనిపించే బలం

మా చింతలరేవు ఎత్తిపోతల పంపు షాఫ్టు విరిగిన రోజుకు మిరప తోటలు పూత మీద ఉన్నాయి. నాలుగొందల ఇరవై ఎకరాలు. నల్లరేగడి కాబట్టి నీళ్లు లేకపోయినా పన్నెండు రోజులు ఓర్చుకుంటుంది. పదమూడో రోజున చెట్టు పూత రాల్చేస్తుంది. ఈ లెక్క ఏ కాగితంలోనూ లేదు, మా ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు.

షాఫ్టు అంటే పైన మోటారు తిప్పితే తాను తిరిగి, కింద నీళ్లలో ఉన్న రెక్కల చక్రాన్ని తిప్పే కడ్డీ. రెండు మీటర్ల పొడవు, మణికట్టంత లావు. బయట ఏ లేత్ షాపులో అడిగినా రెండు రోజుల్లో చేసిస్తారు. కానీ ప్రభుత్వ ఎత్తిపోతలకు బయటి షాఫ్టు వేయకూడదని రూలు. యంత్రభాగాల పటిష్ఠీకరణ కేంద్రం నుంచే తెచ్చుకోవాలి. అది మా ఊరికి ఎనభై కిలోమీటర్ల దూరంలో, పట్నం చివర, తుమ్మచెట్ల మధ్య ఉంటుంది.

ఎత్తిపోతల సంఘం వాళ్లు నన్ను పంపారు. అంతకుముందు ట్రాన్స్‌ఫార్మర్ కోసం బాగా మాట్లాడే మనిషిని పంపితే, ఆయన ఏడాదిపాటు బాగా మాట్లాడి వచ్చాడు. ఈసారి మాట్లాడని మనిషిని పంపి చూద్దామనుకున్నారు.

నేను వెళ్లేసరికి షాఫ్టు తయారుగా ఉంది. ఆ మాట ఫర్నేసు మేస్త్రి జాన్ సైదా చెప్పాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. వేడికి కాలి కాలి కనుబొమలు సగమే మిగిలాయి. మా పంపు కొలతకు ముందే రెండు షాఫ్టులు చేసి ఉంచాడట, మాకొకటి, అవసరానికి ఉంటుందని ఇంకొకటి. రెండూ గోడకు ఆనించి ఉన్నాయి, ఎండుగడ్డి రంగులో.

ఇవాళే తీసుకుపోవచ్చా అని అడిగాను.

"నా చేతిలో పనైతే పొద్దున్నే నీ బండెక్కించేవాణ్ణన్నా," అన్నాడు.

కాసేపు కూర్చోబెట్టి, అది ఎలాంటి ఉక్కో చెప్పాడు. తుప్పు పట్టని స్టీలేగాని గిన్నెల స్టీలు కాదు. అందులో నూటికి మూడు నాలుగు పాళ్లు రాగి ఉంటుంది. ముందు బాగా కణకణలాడేట్టు కాల్చి గబుక్కున చల్లారిస్తే ఆ రాగి ఉక్కులో కరిగినది కరిగినట్టే ఉండిపోతుంది. తర్వాత ఐదొందల యాభై డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచాలి. అప్పుడు రాగి సన్న సన్న నలుసులుగా విడివడి ఉక్కంతా పరుచుకుంటుంది. ఉక్కు వంగబోయినప్పుడల్లా ఆ నలుసులు అడ్డం నిలబడతాయి. బలమంటే అదే. నలుసులు ఎంత సన్నగా, ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత బలం.

ఇంకాసేపు ఉంచితే ఇంకా బలం వస్తుందా అన్నాను.

"మజ్జిగ చిలికేటప్పుడు చూడలా? ముందు కవ్వానికి బరువుగా తగులుద్ది. వెన్న సన్నగా అంతటా ఉంటది గాబట్టి. ఆపకుండా చిలికితే వెన్న ముద్దలు ముద్దలుగా ఒకచోట చేరుద్ది, మజ్జిగ పల్చనైపోద్ది. ఇదీ అంతే. నలుసు పెరిగే కొద్దీ దూరం దూరమైపోతయ్. ఉక్కు పల్చనైపోద్ది."

నాకు బోధపడింది. అంత తేలిగ్గా బోధపడిన సంగతి ఆ ఆవరణలో నాకు మళ్లీ తగల్లేదు.

షాఫ్టు బయటికి రావాలంటే ధ్రువీకరణ అధికారి దక్షిణామూర్తి గారు సంతకం చేయాలి. సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి. మెడలో నల్లతాడుకు భూతద్దం వేలాడుతుంటుంది. ఆయన నాకు పద్నాలుగో నిబంధన చదివి వినిపించారు. పటిష్ఠీకరణకు పూర్వము, పిదప గల తేడాను అధికారి స్వయముగా కంటితో చూచి ధ్రువీకరించవలెను. ఈ నిబంధన రంగులు వేసే గది కోసం రాసిందని సైదా తర్వాత చెప్పాడు. రంగుల గది మూసేసి పదేళ్లయింది. నిబంధన మాత్రం డ్యూటీలో ఉంది.

దక్షిణామూర్తి గారు షాఫ్టును కాటా మీద పెట్టించారు. కాల్చకముందు నలభై నాలుగు కిలోలు. కాల్చాక నలభై నాలుగు కిలోలు. అయితే ఏమి చేరినట్టు అని అడిగారు. కొత్తగా ఏమీ చేరలేదని, లోపల ఉన్నదే సర్దుకుందని సైదా చెప్పాడు. ఆయన అది రాసుకుని, కింద గీత గీశారు.

తర్వాత పొడవు కొలిపించారు. ఒక మిల్లీమీటరు తక్కువ వచ్చింది.

ఈ కాల్పులో ఉక్కు ఆ మాత్రం ముడుచుకుంటుందనీ, అందుకే ముందే కాస్త ఎక్కువ ఉంచి కోశాననీ సైదా చెప్పాడు. దక్షిణామూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ముడుచుకున్న సదరు మిల్లీమీటరు ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉంది?"

 ఆ సాయంత్రం సైదాకు సంజాయిషీ అడుగుతూ కాగితం ఇచ్చి, గేటు దగ్గర అతని టిఫిన్ డబ్బా తెరిపించి చూశారు.

బలం చూడటానికి అక్కడ మిషను ఉంది. వజ్రం మొనతో ఉక్కును నొక్కి, గుంట ఎంత లోతు పడిందో చూసి బలం ఎంతో చెప్పేస్తుంది. సైదా దాని పేరెత్తాడు. బలమైన ఆస్తికి బలం ఉందని నిరూపించడం కోసం గుంట పెట్టడం ఆస్తికి నష్టం కలిగించడమేనని దక్షిణామూర్తి గారు చెప్పారు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఏటా ఆయుధపూజకు మాత్రం గుడ్డ తీసి బొట్టు పెడతారట.

ఫైలు డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లింది. దాని వెంట మేమూ వెళ్లాం.

డైరెక్టరు పరాంకుశం గారు మంచి మనిషి. రైతునని నాకు కుర్చీ చూపించారు. అందులో ఫైళ్లు ఉన్నందువల్ల నిలబడే ఉన్నాను. ఆయన సైదాను అంతా మొదటినుంచి చెప్పమన్నారు. నలుసుల దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందుకు వంగారు. ఒక్కొక్కటి ఎంత ఉంటుందన్నారు. వెంట్రుక మందంలో పక్కపక్కన పదివేలు పడతాయని, మన కంటికి కాదు గదా మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆనవని సైదా చెప్పాడు.

"అంటే, ఈ సంస్థ ఇరవై ఏళ్లుగా ఎవరికీ కనిపించని బలాన్ని ప్రజలకు సరఫరా చేస్తోందన్నమాట," అన్నారు డైరెక్టరు గారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "నలుసు పరిమాణాన్ని పెంచే అవకాశం సాంకేతికంగా ఉందా, లేదా?"

సైదా అబద్ధం చెప్పలేడు. అతనిలో ఉన్న లోపం అదొక్కటే.

"ఉంది సార్. ఇంకా ఫర్నేసులో ఉంచితే పెరుగుద్ది. కానీ..."

డైరెక్టరు గారు చెయ్యెత్తారు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ వాక్యాన్నీ 'కానీ' దాటి వినలేదని వాళ్ల ప్యూను నాకు తర్వాత చెప్పాడు. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. బలమునకు కారణము నలుసు అని మేస్త్రి అంగీకరించినాడు. కంటికి ఆనని నలుసువలననే ఇంత బలముండగా, కంటికి ఆనెడి నలుసువలన ఎంత బలముండునో ఊహింపదగును. కావున సదరు షాఫ్టును నలుసులు కంటికి కనిపించు పర్యంతము ఫర్నేసునందు కొనసాగించవలెను.

రెండో షాఫ్టును మాత్రం అలాగే ఉంచమన్నారు. తేడా చూపాలంటే తేడా లేనిది ఒకటి ఉండాలి గదా. దానిమీద ఎర్రరంగుతో 'నిర్బల నమూనా' అని రాయించారు.

నేను నోరు తెరిచి, సార్, మా తోటలకు పన్నెండు రోజులే గడువుందన్నాను.

"రైతుకు తొందర సహజం," అన్నారాయన దయగా. "శాస్త్రానికి తొందర ఉండదు."

సైదా నా మొహం చూడకుండా వెళ్లి ఫర్నేసు తలుపు తీశాడు. ఒక రోజు ఉంచారు. దక్షిణామూర్తి గారు భూతద్దంతో షాఫ్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మోకాళ్ల మీద నడిచారు. నలుసు కనిపించలేదు. మళ్లీ రెండు రోజులు ఉంచారు. మళ్లీ నడిచారు. నాలుగో రోజున డైరెక్టరు గారు వేడి ఏడొందల డిగ్రీలకు పెంచమన్నారు. అలా చేస్తే అది షాఫ్టుగా పనికి రాదని సైదా కాగితం మీద రాసిచ్చాడు. పటిష్ఠీకరణ వ్యతిరేక ధోరణి ఎందుకు ప్రదర్శించినదీ మూడు రోజుల్లో తెలుపవలెనని అతనికి ఇంకో కాగితం వచ్చింది. మిల్లీమీటరు కాగితంతో కలిపి రెండు.

నేను కాటా పక్కన రేకుల వసారాలో ఉంటున్నాను. మా ఇంటావిడ నాగేంద్రం రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది.

"ఏవయ్యో, కడ్డీ ఉడికిందా?" అంది ఐదో రోజున.

ఇంకా లేదన్నాను.

"ఇక్కడ ఆకు ముడుచుకుంటంది. మీ సంఘపోళ్లు పొద్దున లేచి ఆకాశం వంక చూస్తన్నారు. ఉడికిందాకా నువ్వు కూడా దాంట్లోనే పడుకో."

ఈలోగా డైరెక్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. కనిపించని బలం షాఫ్టులో ఉంటే తప్పైనప్పుడు, మిగతా వాటిలో మాత్రం ఒప్పెలా అవుతుంది? గేటు మీద గుడ్డ కట్టించారు: 'కంటికి కనిపించే బలం – అదే మన లక్ష్యం'. ఒక వారం ఉత్సవాలు ప్రకటించారు.

మొదటి రోజు క్యాంటీను తనిఖీ జరిగింది. టీలో పంచదార వేశానని వంటమనిషి అన్నాడు. ఎక్కడుందని అడిగారు. కలిపేశానన్నాడు. కలిపేసినదాన్ని ఎవరు ధ్రువీకరించాలి? ఆ మధ్యాహ్నం నుంచి చెంచాలన్నీ స్టోరు గదికి చేరాయి. గ్లాసు అడుగున పంచదార కనిపిస్తేనే టీ తీసుకోవాలి. సాంబారులో ఉప్పు కరగకూడదు కాబట్టి రాళ్ల ఉప్పు తెప్పించి, వడ్డించాక పైన నాలుగు ఉప్పుకల్లులు పెట్టడం మొదలుపెట్టారు. దక్షిణామూర్తి గారు భూతద్దంతో కల్లులు చూసి తలూపేవారు, అప్పుడు తినేవాళ్లం. మంచినీళ్ల ట్యాంకులో బ్లీచింగు పొడి కలపడం మానేసి ముద్దగా చేసి వేశారు. అది అడుగున కూర్చుని అందరికీ కనిపించింది. మూడో రోజుకు సగంమందికి కడుపునొప్పి వచ్చింది. ఆ సగంమందీ కనిపించడం మానేశారు.

అన్నిటికన్నా ఎక్కువ కష్టం ఆఫీసులో ఒక గుమాస్తాకు వచ్చింది. పేరు నాకు తెలియదు, నీలం చొక్కా మనిషి. వచ్చిన కాగితాన్ని వచ్చిన రోజే చూసి పంపించేసేవాడు. అందువల్ల అతని బల్ల ఖాళీగా ఉండేది. తనిఖీలో ఆ బల్ల మీద పని ఏమీ కనిపించలేదు. పక్క బల్ల మీద ఫైళ్లు మనిషి తల దాటి పోయాయి. వాటి వెనకాల కూర్చున్నాయన తన సీటులో ఉన్నాడో లేడో తెలియకపోయినా, పని మాత్రం స్పష్టంగా కనిపిస్తోందని ఆయనకు శాలువా కప్పారు. ఫైళ్ల మీద కప్పారు. నీలం చొక్కా మనిషి ఆ రోజునుంచి పని ఆపేశాడు. మూడు రోజులు తిరిగేసరికి అతని బల్ల కూడా చూడ ముచ్చటగా తయారైంది.

ఇవన్నీ నేను కాటా దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను. చూస్తూ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఏడు. ఎనిమిది.

తొమ్మిదో రోజు పొద్దున్న ఫర్నేసు తెరిచినప్పుడు దక్షిణామూర్తి గారు కేక వేశారు. షాఫ్టు మీద నలుసులున్నాయి. భూతద్దం అక్కర్లేకుండానే కనిపిస్తున్నాయి. ఎర్రగా, ఆవగింజలంత, పొడవునా పరుచుకుని ఉన్నాయి. డైరెక్టరు గారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

సైదా నా పక్కకు వచ్చి నిలబడి మెల్లగా అన్నాడు. "ఫర్నేసు కప్పు ఇటుక రాలతందని నిరుడే రాసిచ్చా. ఆ పొడే అది."

చెప్పమన్నాను.

"చెబితే కప్పు బాగు చేయిస్తారు, షాఫ్టుని ఇంకో నెల లోపలుంచుతారు. నీకు నెలుందా?"

లేదు. ఇద్దరం నోరు మూసుకున్నాం.

నలుసులను లెక్కించి, ఫోటో తీసి, చెరిగిపోకుండా పైన వార్నిష్ పూశారు. షాఫ్టు ఆమోదం పొందింది. సైదా ఎవరూ చూడనప్పుడు దాని చివర మీద ఆకురాయితో ఒక్కసారి రుద్దాడు. బలమైన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇది మట్టిని గీకినట్టు గీకింది. అతను ఆకురాయిని నాకు చూపించి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది మీ పంపులో పూట కూడా ఆగదన్నా. ఆ ఎర్రరాతదుందే, అది నీకు పదేళ్లొచ్చిద్ది. దాన్ని ఎట్టాగో ఎత్తుకుపో."

ఎలాగంటే అతనే దారి చెప్పాడు. ఆమోదం వచ్చేసింది కాబట్టి నమూనాతో ఇక పని లేదు. పనికిరానిదని తేలిన సామాను రైతులు అడిగితే ఇవ్వొచ్చని ఒక నిబంధన ఉంది. యంత్రంలో వాడకూడదు, వ్యవసాయ అవసరానికి వాడుకోవచ్చు. నేను గేదెను కట్టేసే గుంజ కావాలని అర్జీ పెట్టాను.

అర్జీ దక్షిణామూర్తి గారి దగ్గరికే వచ్చింది. ఆయన గేదె వయసు, బరువు, స్వభావం రాయమన్నారు. ఆరేళ్లు, నాలుగొందల కిలోలు, ఈనిన కొత్తలో పొడుస్తుంది అని రాశాను. ఆయన 'పొడుస్తుంది' కింద గీత గీశారు.

"చూడండి కోటిలింగం గారూ. ఇది బలం లేని వస్తువని రికార్డులో ఉంది. ఉగ్రస్వభావం గల పశువును దీనికి కట్టుట శ్రేయస్కరం కాదు."

"మా గేదె నెమ్మదస్తురాలేనండి. నేనే ఎక్కువ రాశాను."

ఆయన దాన్ని కొట్టేసి 'సాధుస్వభావము' అని రాసి, గుంజ విరిగి గేదె పారిపోయిన ఎడల కేంద్రమునకు బాధ్యత లేదని నా చేత సంతకం పెట్టించుకున్నారు. ట్రాలీ ఆటోలో దాన్ని ఊరికి పంపించాను. ఆమోదం పొందిన షాఫ్టు మాత్రం నాతో రాలేదు. అది డైరెక్టరు గారితో, దండతో, పన్నెండో రోజున వస్తుందన్నారు. ముహూర్తం ఆ రోజుకు కుదిరింది.

పదో రోజున ఇంటికి చేరాను. తోటలోకి వెళ్లి చూశాను. ఆకులు వేలాడుతున్నాయి. పూతను వేలితో తాకితే రాలలేదు గాని, రాలబోతున్నట్టు మెత్తగా ఉంది. నాగేంద్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం పెళ్లయ్యాక నేను చూడటం అది రెండోసారి.

పన్నెండో రోజున పంపుహౌసు ముందు షామియానా వేశారు. పంపు ఆపరేటరు ఏసోబు పొద్దున్నే షాఫ్టు బిగించాడు. బిగించేటప్పుడు నా వంక ఒకసారి చూశాడు. స్పానరు పట్టుకున్న చేతికి ఉక్కు మెత్తదనం తెలిసిపోతుంది. డైరెక్టరు గారు ఉపన్యాసంలో, ఇన్నాళ్లూ రైతు తాను నమ్ముకున్న బలాన్ని చూడలేకపోయాడనీ, ఇకనుంచి చూడగలడనీ చెప్పారు. మైకు ముందు కూర్చున్న మా వాళ్లు ఆయన మాటలకన్నా వెనకాల పైపు వైపు ఎక్కువ చూస్తున్నారు.

స్విచ్చి నొక్కారు. పైపు దగ్గి, రెండుసార్లు గాలి వదిలి, నీళ్లు పోసింది. చప్పట్లు కొట్టారు. పదకొండు నిమిషాలు పోసింది. తర్వాత నేల అదరడం మొదలైంది. ఏసోబు పరుగున వెళ్లి ఆపేశాడు. విప్పి తీస్తే, షాఫ్టు విల్లులా వంగి ఉంది. వార్నిష్ పగిలి నలుసులు నీళ్లలో కొట్టుకుపోయాయి.

 డైరెక్టరు గారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"విరగలేదు, గమనించారా," అన్నారు చివరికి. "పాత షాఫ్టు విరిగింది. ఇది వంగింది. ఇది స్పష్టమైన పురోగతి."

దక్షిణామూర్తి గారు రాసుకున్నారు. నలుసులు కంటికి కనిపించే స్థాయికి చేరినా, చేతికి తగిలే స్థాయికి చేరలేదనీ, లోపం అక్కడే ఉందనీ తేల్చారు. నలభై రోజులు ఫర్నేసులో ఉంచాలని అక్కడే నిర్ణయమైంది. అప్పటిదాకా మేం ఓపిక పట్టాలని ఆయన మైకులో చెప్పారు. వంగిన షాఫ్టుకు దండ సరిగా నిలవక రెండు చోట్ల దారంతో కట్టి, జీపులో వేసుకుని భోజనాలకు వెళ్లిపోయారు.

షామియానా విప్పుతుండగా నేను, ఏసోబు మా కొట్టంలోకి వెళ్లాం. రెండో షాఫ్టు గడ్డివాము పక్కన ఉంది.

"బాబాయ్, దీనిమీద నిర్బలం అని రాసుందే," అన్నాడు ఏసోబు.

"చదవమాకు. బిగించు."

"రేపు ఎవరన్నా వచ్చి అడిగితే నా ఉద్యోగం పోద్ది."

"నేనే బిగించానని చెప్పు."

వాడు నా చేతుల వంక చూసి నవ్వాడు. నాకు స్పానరు ఎటు తిప్పాలో తెలియదని ఊరందరికీ తెలుసు. అయినా సరే బిగించాడు. సాయంత్రం నాలుగింటికి స్విచ్చి వేశాడు. ఈసారి చప్పట్లు లేవు. నీళ్లు బోదె కాలవల్లోకి దిగి, పగుళ్లలో మునిగి, బుడగలు వదులుతూ పోయాయి. చీకటి పడేలోపు మా చేను దాటాయి. మర్నాడు మధ్యాహ్నానికి చివరి ఎకరం తడిసింది. పూత నిలిచింది.

మూడు వారాల తర్వాత దక్షిణామూర్తి గారు బస్సు దిగి ఒక్కరే వచ్చారు. నిర్బల సామాను సక్రమంగా వాడుతున్నదీ లేనిదీ చూడాలి. కొట్టంలోకి వెళ్లారు. గేదె తుమ్మకర్ర గుంజకు కట్టి ఉంది. ఆయన భూతద్దం తీసి తుమ్మకర్రను చూశారు.

"కోటిలింగం గారూ, ఇది కలప."

అవునన్నాను. అబద్ధం చెప్పడానికి మాటలు కావాలి. ఆయన్ను పంపుహౌసుకు తీసుకెళ్లాను.

ఏసోబు లేచి నిలబడ్డాడు. పంపు నడుస్తోంది. మోటారుకూ పంపుకూ మధ్య జానెడు మేర షాఫ్టు కనిపిస్తుంది. తిరుగుతుండటం వల్ల దానిమీది ఎర్ర అక్షరాలు కలిసిపోయి ఎర్రగీతలా ఉన్నాయి. ఆయన చాలాసేపు దాన్ని చూశారు. తర్వాత బయటికి వచ్చి కాలవలో మొహం కడుక్కున్నారు. చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా కడుక్కున్నారు. గట్టు మీద కూర్చుని తోటల వంక చూశారు. అప్పటికి చెట్లకు పచ్చికాయ దిగింది.

"ఎన్ని రోజులుగా తిరుగుతోంది?" అన్నారు.

"ఇరవై ఒక్క రోజులు."

"ఆగకుండానా?"

"కరెంటు ఉన్నంతసేపూ."

 ఆయన వెళ్లేటప్పుడు ఏసోబు నాలుగు పచ్చిమిరపకాయలు కోసి చేతిలో పెడితే జేబులో వేసుకున్నారు. ఏసోబు ఉద్యోగానికి ఏమీ కాదని నాకు అప్పుడు అనిపించింది. నా సంగతే తెలియలేదు.

పది రోజులకు రిజిస్టరు పోస్టు వచ్చింది. నిర్బలమని ధ్రువీకరింపబడిన షాఫ్టు, పంపునందు అమర్చబడియు, ఇరవై ఒక్క దినములు నిరంతరముగా తిరిగియు, ఇంతవరకు విరగకపోవుటకు గల కారణములను ఏడు దినములలోగా తెలుపవలెను. లేనిచో సంఘమును రద్దు చేసి పంపుకు సీలు వేయబడును.

అది చదివి సంఘం వాళ్లకు చెమటలు పట్టాయి. పంపుకు సీలు పడితే కాయ దిగిన తోటలు నిలువునా ఎండిపోతాయి. మాట్లాడే మనిషి చేత ఆరు పేజీల జవాబు రాయిద్దామన్నారు. నేను వద్దని, కార్డు ముక్క మీద రెండు వాక్యాలు రాశాను. షాఫ్టు ఎందుకు విరగలేదో మాకు తెలియదు. అది విరిగిన వెంటనే కారణం చూసి తెలియజేస్తాము, అంతవరకు గడువు ఇప్పించవలెను.

నెలకు జవాబు వచ్చింది. డైరెక్టరు గారే సంతకం చేశారు. విషయము మిక్కిలి తీవ్రమైనది కావున దీనిపై ముగ్గురు సభ్యులతో విచారణ సంఘము నియమింపబడినది, దాని కాలపరిమితి మూడు సంవత్సరములు. సదరు షాఫ్టు ఈ విచారణకు ఏకైక సాక్ష్యము అయినందున, విచారణ ముగియు పర్యంతము దానిని తొలగించుట గాని, ఆపుట గాని, విరగనిచ్చుట గాని చేయరాదు. అట్లు జరిగిన ఎడల సాక్ష్యమును నాశనము చేసినట్లు భావించి కఠినచర్య తీసుకొనబడును.

పంపుహౌసుకు వెళ్లి ఏసోబుకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు, చదివాను. వాడు గూట్లోంచి గ్రీజు డబ్బా తీసుకుని, సాక్ష్యానికి గ్రీజు పెట్టడానికి వెళ్లాడు.